కుంగిన మనసుకు జమాఅత్ ఆసరా

రోజూ ఫజ్ర్ నమాజులో మొదటి సఫ్‌లో నిలబడే సోదరుడు కొన్నాళ్లుగా కనిపించడం లేదనుకోండి. జ్వరమని తెలిస్తే పండ్లు పట్టుకుని పరామర్శకు వెళతాం. కాలు విరిగిందంటే ఆస్పత్రిలో రాత్రంతా తోడుంటాం. కాని అతనికి నిద్ర పట్టడం లేదని, తిండి సయించడం లేదని, ఎవరి ముఖమూ చూడలేక గదిలో తలుపేసుకుని కూర్చుంటున్నాడని తెలిస్తే మాత్రం, “ఈమాన్ తగ్గిపోయింది” అని ఒక్క మాటతో తేల్చేస్తాం. ఇస్లాం మనకు నేర్పింది ఇదేనా?

దుఃఖం ఈమాన్ లోపం కాదు

హజ్రత్ యాఖూబ్ (అలై) దైవప్రవక్త. కుమారుడు యూసుఫ్ (అలై) దూరమైన దుఃఖంతో ఆయన కళ్లు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా తెలుపుతోంది. మన ప్రవక్త ముహమ్మద్ (స) గారి పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూస్తున్న వేళ ఆయన కళ్లు వర్షించాయి. తమరు కూడా కంటతడి పెడుతున్నారా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యమని ఆయన సమాధానమిచ్చారు. ప్రవక్తల ఈమాన్‌ను శంకించగలమా? మరి సాటి సోదరుని కన్నీరు చూసి అతని ఈమాన్‌ను తూచే అధికారం మనకెక్కడిది?

ప్రవక్త (స) వాకబు చేశారు

హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) అన్సార్ల తరఫున ప్రసంగించే వక్త. పుట్టుకతోనే ఆయన గొంతు పెద్దది. ప్రవక్త (స) కంఠం కన్నా తమ కంఠం పెంచరాదని, అలా చేస్తే తెలియకుండానే కర్మలు వ్యర్థమైపోతాయని హెచ్చరించే హుజురాత్ సూరా వాక్యం అవతరించింది. అది తన గురించేనని, తాను నరకవాసినైపోయానని ఆయన భయపడిపోయారు. ఇంట్లో తల వంచుకుని కూర్చుండిపోయారు. బయటికి రావడమే మానేశారు.

ఆయన లేని లోటును ప్రవక్త (స) గమనించారు. సాబిత్‌కు ఒంట్లో బాగాలేదా అని వాకబు చేశారు. సహీహ్ ముస్లిం ఉల్లేఖనం ప్రకారం, ఆయన పొరుగునే ఉండే హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కి కూడా సంగతి తెలియదు! ఆయన స్వయంగా వెళ్లి విచారించారు. సాబిత్ (రజి) తన గుండెల్లోని భయాన్ని బయటపెట్టారు. ఆ మాట ప్రవక్త (స)కు చేరింది. సాబిత్ నరకవాసి కాదు, స్వర్గవాసి అనే శుభవార్త తిరిగి వచ్చింది. ఆ సాబిత్ (రజి)యే తర్వాత యమామా యుద్ధంలో షహీద్ అయ్యారు.

సోదరులారా! ఈ సంఘటనను మరోసారి నెమ్మదిగా చదవండి. సాబిత్ (రజి) తనంతట తాను సహాయం కోరలేదు. కోరే స్థితిలో లేరు. కుంగిన మనసు లక్షణమే అది. గోడ అవతల ఉన్న పొరుగువారికి కూడా అది కనిపించదు. రాని మనిషిని గుర్తించడం, అడగడం, ఇంటికి వెళ్లడం, చెప్పింది వినడం, ఆశ కలిగించే మాట మోసుకెళ్లడం, ఇవన్నీ చేసింది జమాఅత్. ఎందుకు రావడం లేదని ఎవరూ నిలదీయలేదు.

మస్జిద్ ఊడ్చే ఒక స్త్రీ కనిపించకపోయినప్పుడు కూడా ప్రవక్త (స) అడిగారు. ఆమె మరణించిందని, ఖననం కూడా అయిపోయిందని చెప్పారు. ఆమె సంగతి చిన్నదిగా భావించి సహచరులు ఆయనకు తెలియజేయలేదు. తనకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి వద్దకు వెళ్లి ఆమె కోసం నమాజు చేశారు. లెక్కలోకి రాని మనుషులు మన మొహల్లాలో ఎవరో ఆలోచించండి.

మాటే కాదు, అన్నం కూడా

హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయినప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో మునిగి ఉన్నందున వారికి భోజనం వండి పంపమని ప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ ఆయిషా (రజి) తమ బంధువుల్లో ఎవరైనా మరణిస్తే, పరామర్శకు వచ్చిన స్త్రీలు వెళ్లిపోయాక ఇంటివారికి తల్‌బీనా అనే జావ కాయించేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ప్రవక్త (స) ద్వారా విన్నట్లు ఆమె చెప్పారు. కొంత తగ్గిస్తుందన్న మాట గమనించండి. మన పలకరింపు బాధనంతా తుడిచేయదు. అయినా ఆ కొంతే మనిషిని నిలబెడుతుంది.

ఒంటరితనం రోగాన్ని పెంచుతుంది

హిజ్రీ 322లో మరణించిన విద్వాంసుడు అబూ జైద్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటిపైనా కలిపి ఒక గ్రంథం రాశారు. చెడు ఆలోచనలు వెంటాడే వ్యక్తి ఏకాంతానికి దూరంగా ఉండాలని అందులో సూచించారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో పేర్కొంది. రోజుకు ఐదుసార్లు భుజం భుజం కలిపి నిలబడే సమాజం మనది. అయినా సలాం తిప్పగానే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతే, పక్కవాడి గుండెలో ఏముందో ఎలా తెలుస్తుంది?

మనం చేయవలసింది

మొదటిది: వరుసగా కొన్నాళ్లు రాని సోదరుని ఇంటికి ఒకరిద్దరు వెళ్లాలి. ఉపన్యాసం వద్దు. కూర్చుని వినడమే సగం సేవ.

రెండవది: విన్నది అమానత్. దాన్ని టీ కొట్టు దగ్గర చర్చిస్తే అది గీబత్ అవుతుంది. ఆ మనిషి మరెన్నడూ నోరు తెరవడు.

మూడవది: సోదరీమణులను మరువరాదు. మన ప్రాంతంలో చాలామంది స్త్రీలు మస్జిద్‌కు రారు కనుక వారి గైర్హాజరు ఎవరికీ తెలియదు. భర్త గల్ఫ్‌లో ఉండగా ఇంటి భారమంతా మోస్తున్న ఇల్లాలు, చిల్లా నలభై రోజుల్లో కారణం తెలియకుండా ఏడ్చే బాలింత, పిల్లలు దూరదేశాల్లో ఉన్న వృద్ధ తల్లి, వీరిని స్త్రీలే వెళ్లి పలకరించాలి.

నాలుగవది: పలకరింపు వైద్యానికి బదులు కాదు. అల్లాహ్ ప్రతి రోగానికీ నివారణ కూడా దింపాడని ప్రవక్త (స) తెలిపారు. జిన్ను పట్టిందంటూ ఆమిల్‌ల చుట్టూ తిప్పి నెలలు పోగొట్టకండి. దుఆ చేయండి, డాక్టరుకూ చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో కూడా సలహా లభిస్తుంది. చావాలనిపిస్తోందని ఎవరైనా అంటే “తౌబా తౌబా” అని నోరు మూయించకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుని వద్దకు తీసుకెళ్లండి.

ఈ వ్యాసం చదువుతున్న మీరే ఆ బాధలో ఉంటే, మీరు అల్లాహ్ కారుణ్యానికి దూరమైపోయారని అనుకోవద్దు. సాబిత్ (రజి) కూడా అలాగే అనుకున్నారు. ఆ ఆలోచన నిజం కాదని తేలింది. నమ్మకమైన ఒక్కరికైనా మీ మనసు విప్పి చెప్పండి.

కనిపించని సోదరుని తలుపు తట్టే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! కుంగిన ప్రతి హృదయానికీ ఊరట కలిగించుగాక! ఆమీన్.