తొందరపడి రక్తం ఇవ్వకండి

చపాతీ తింటే కడుపు ఉబ్బరం. పాలు తాగితే గడబిడ. ఫోన్ తెరిస్తే 'ఫుడ్ ఇంటాలరెన్స్ టెస్ట్' యాడ్. శింగనమల నుంచి అనంతపురం ల్యాబ్‌కి బస్సెక్కాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. ముందు మార్చుకోవాల్సింది ఈ తొందరనే. మీరు మార్చుకోగలరు.

వందల ఆహారాల పేర్లతో వచ్చే ప్యాకేజీలు ఎక్కువగా ఐజీజీ యాంటీబాడీలను కొలుస్తాయి. ఆ తిండి మీ ఒంటికి పరిచయమేనని అవి చెబుతాయి. పడదని కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ మాట తేల్చేసింది. రోజూ రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి తినేవారి రిపోర్టులో ఆ రెండే ఎర్రగా కనిపించొచ్చు. ఉన్న బలమైన తిండి మానేసి ఏం తింటారు? ఈ టెస్టును వాయిదా కాదు, పూర్తిగా వదిలేయండి.

డాక్టర్ సీలియాక్ జబ్బును, అంటే గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బును అనుమానించి టీటీజీ-ఐజీఏ అనే రక్త పరీక్ష రాస్తే అది వేరే సంగతి. చేయించుకోవాలి. కానీ సరైన టైములో.

మీరు గోధుమ మానేశారా? అయితే టెస్టు ఆపండి. గ్లూటెన్ తినకపోతే యాంటీబాడీలు తగ్గి, జబ్బున్నా నెగటివ్ రావచ్చు. మన ఊళ్లో ఇది చాలా ముఖ్యం. రాగి, జొన్న, కొర్ర, వరి, వేటిలోనూ గ్లూటెన్ లేదు. చపాతీ ఎప్పుడో ఒకపూట తినేవారి రిజల్ట్‌ను నమ్మలేం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ చెప్పే లెక్క: టెస్టుకు ముందు కనీసం 6 వారాలు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉండాలి. ఇది డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి.

పాల విషయమా? వాంతులు, విరేచనాలు ఇప్పుడే తగ్గాయంటే ఆగండి. ఆ తర్వాత కొన్నాళ్లు పాలు పడకపోవడం మామూలే, చాలామందికి అదే సర్దుకుంటుంది. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే, పాలు పడుతున్నాయో లేదో ఊపిరితో చూసే బ్రెత్ టెస్టుకు 4 వారాల గడువివ్వండి.

ఆగిన రోజుల్ని వృథా చేయకండి. ఈ రాత్రే ఒక నోట్‌బుక్ తీయండి.

- ఏం తిన్నారు, ఎంత తిన్నారు
- ఎన్ని గంటలకు ఇబ్బంది మొదలైంది
- ఏ మందులు వేసుకున్నారు

రెండు వారాలు తప్పకుండా రాసి డాక్టర్ ముందు పెట్టండి. ఏ టెస్టు కావాలో, అసలు కావాలో వద్దో చెప్పడం ఆయనకు సులువవుతుంది.

అయితే కొన్నింటికి వాయిదా లేదు. మలంలో రక్తం పడుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా నోట్‌బుక్ నిండేదాకా చూడకండి, వెంటనే డాక్టర్‌ని కలవండి. చెనక్కాయలు తిన్న కాసేపటికే పెదాలు వాచి ఊపిరి ఆడకపోతే అది ఇంటాలరెన్స్ కాదు, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.