పంట ఆరబెట్టడంలో సౌరశక్తి



నేను ఈ హాస్టల్‌లో 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు ఉండి చదువుకున్నాను. ఇప్పుడు భౌతికశాస్త్రంలో పి.జి. చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే నాకు మా మిర్చి కల్లం గుర్తుకొచ్చింది.

నేను 9వ తరగతిలో ఉండగా మా నాన్న ఎకరం కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. కాయలు కోసి కల్లంలో ఆరబోశాక రెండు రోజులు అకాల వాన పట్టింది. పట్టాలు కప్పినా అడుగున చెమ్మ చేరి బూజు పట్టింది. సగం కాయలు తాలు కింద పోయాయి. కౌలు, మందుల అప్పు తీర్చాక ఏమీ మిగల్లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళి అమ్మతో కూర్చుని తాలు ఏరాను. పంట పండించడమే కాదు, ఆరబెట్టడమూ అంత ముఖ్యమని ఆ రోజు తెలిసింది.

తేమ వల్ల నష్టం

పండు మిర్చిలో సుమారు 75 శాతం నీరే. దాన్ని 10 శాతం దగ్గరకు తేవాలి. లేకపోతే ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. 2004లో కెన్యా తూర్పు ప్రాంతంలో సరిగా ఆరని మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడగా, 125 మంది చనిపోయారు. ఈ విషం కిలోకు 10 మైక్రోగ్రాములు మించితే మన మిర్చిని యూరోపియన్ యూనియన్ దేశాలు తీసుకోవు.

సోలార్ డ్రయ్యర్ పనిచేసే విధానం

నల్లరంగు పూసిన రేకు ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది. పైన గాజు గానీ ప్లాస్టిక్ షీటు గానీ ఉండటంతో వేడి బయటకు పోదు. లోపలి గాలి 50 నుండి 60 డిగ్రీలకు చేరి కాయల్లోని తేమను తీసుకుని పై దారిన బయటకు పోతుంది. వాన, దుమ్ము, కోళ్ళ బాధ ఉండదు.

చిన్న లెక్క

100 కిలోల పండు మిర్చి ఆరితే సుమారు 28 కిలోలవుతుంది. అంటే 72 కిలోల నీరు పోవాలి. 10వ తరగతిలో బాష్పీభవన గుప్తోష్ణం చదివాం కదా! కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. మొత్తం 1,72,800 కిలోజౌళ్ళు, అంటే 48 యూనిట్లు. మన ప్రాంతంలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుంది. అందులో 30 శాతమే పనికొచ్చినా, 10 చదరపు మీటర్ల డ్రయ్యర్‌కు రోజుకు 15 యూనిట్లు అందుతాయి. మూడు, నాలుగు రోజుల్లో పని పూర్తవుతుంది. కల్లంలో అయితే వారం నుండి రెండు వారాలు పడుతుంది.

కరెంటుతో పని లేదా?

సోలార్ అనగానే చాలామంది కరెంటు అనుకుంటారు. ప్యానెల్ తనపై పడిన ఎండలో సుమారు ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటుతో మళ్ళీ వేడి పుట్టించడం దండగ. వేడి ఎండ నుండే నేరుగా తీసుకోవాలి. గాలి తోలే ఫ్యానుకు మాత్రం చిన్న ప్యానెల్ చాలు. ఎండ పెరిగితే ఫ్యాను వేగం పెరుగుతుంది, మబ్బు పడితే తగ్గుతుంది. అందువల్ల లోపలి వేడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

పేదవాడికి అందేదెలా?

ఎకరం కౌలు చేసేవాడు ఒక్కడే డ్రయ్యర్ కొనలేడు. పది కుటుంబాలు కలిసి పెట్టుకుంటే భారం తగ్గుతుంది. మహిళలు సోలార్ డ్రయ్యర్లతో కూరగాయలు ఆరబెట్టి ఆదాయం పొందే పద్ధతిని మహారాష్ట్రలో నడిపిన ఎస్‌ఫోర్‌ఎస్ టెక్నాలజీస్ సంస్థకు 2023లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. మన ఊళ్ళలోని డ్వాక్రా సంఘాలూ ఈ పని చేయగలవు.

తమ్ముళ్లారా! ఈసారి సైన్స్ ఫెయిర్‌కు అట్టపెట్టె, నల్లరంగు, గాజుపలకతో ఒక నమూనా చేయండి. కిలో పండు మిర్చి లోపల, కిలో బయట పెట్టి రోజూ తూచి రాసుకోండి. ఆ కాగితం సెలవులకు ఇంటికి తీసుకెళ్ళి మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. మనం చదివిన పాఠం మన కల్లం దాకా చేరాలి.