కార్బన్ ఫైబర్ రైఫిల్ స్టాక్: బరువు తగ్గితే చాలా, ఇంకేమైనా చూడాలా?

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు నేను ముందుగా చూసే అంకెల్లో బరువు ఒకటి. 230 గ్రాముల ఫోన్ కంటే 180 గ్రాముల ఫోన్ చేతికి హాయిగా ఉంటుంది, అందులో డౌట్ లేదు. ఈ గ్రాముల పిచ్చి వల్లే డ్రోన్లు, సైకిళ్లు, ల్యాప్‌టాప్ మూతల్లోకి కార్బన్ ఫైబర్ వచ్చింది. అయితే ఈ మెటీరియల్ బలం, బలహీనత రెండూ ఒకేచోట అర్థం కావాలంటే నేను చూపించే ఉదాహరణ రైఫిల్ స్టాక్. ఎందుకంటే ఇక్కడ తగ్గించిన ప్రతి గ్రాముకూ ఒక బిల్లు వస్తుంది, అది నేరుగా భుజానికే వస్తుంది!

అసలు స్టాక్ అంటే ఏంటి?

షేర్ మార్కెట్ స్టాక్ కాదు, స్టాక్ ఆండ్రాయిడ్ కూడా కాదు. రైఫిల్‌లో బ్యారెల్, ట్రిగ్గర్ మెకానిజం తీసేస్తే మిగిలే బాడీయే స్టాక్. వెనక భాగం భుజానికి ఆనుతుంది, పైఅంచు మీద చెంప ఆనిస్తారు, ముందు భాగాన్ని రెండో చేత్తో పట్టుకుంటారు. ఫోన్ భాషలో చెప్పాలంటే ఇది ఛాసిస్. ప్రాసెసర్ ఎంత మంచిదైనా ఛాసిస్ వంగితే ఫోన్ ఏమవుతుందో, ఇక్కడా అంతే.

చెక్క ఎందుకు పక్కకు తప్పుకుంది?

వానాకాలంలో మన ఇళ్లలో తలుపులు బిగుసుకుపోతాయి కదా? చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. స్టాక్ కూడా అలాగే ఉబ్బి బ్యారెల్‌ను ఒత్తితే గురి పక్కకు జరుగుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికన్ మెరైన్లు వాడిన ఎం40 రైఫిల్‌కు చెక్క స్టాక్ ఉండేది. అక్కడి ఉక్కపోతకు అది వంకర తిరిగేది. అందుకే 1970ల్లో వచ్చిన ఎం40ఏ1లో మెక్‌మిలన్ ఫైబర్ గ్లాస్ స్టాక్ పెట్టారు. అంతకుముందే, 1959లో, రెమింగ్టన్ కంపెనీ నైలాన్ 66 పేరుతో ప్లాస్టిక్ స్టాక్ ఉన్న రైఫిల్ తెచ్చింది. ఆ దారిలో తర్వాతి మెట్టు కార్బన్ ఫైబర్.

లోపల ఏముంటుంది?

కార్బన్ దారాలతో నేసిన బట్టను ఎపాక్సీ రెజిన్‌తో తడిపి, పొరలు పొరలుగా అచ్చులో పరిచి, వేడితో గట్టిపరుస్తారు. ఇలా వచ్చిన మెటీరియల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.6 గ్రాములు. అల్యూమినియం 2.7, ఉక్కు 7.8. దారాలు ఏ దిశలో ఉంటే ఆ దిశలోనే బలం ఎక్కువ, కాబట్టి పొరల్ని వేర్వేరు కోణాల్లో పరుస్తారు. పైన గట్టి పెంకు, లోపల తేలికైన ఫోమ్: బరువు తగ్గే రహస్యం ఇదే.

ఇంకో ముఖ్యమైన పార్ట్ ఉంది. స్క్రూలు బిగించే చోట అల్యూమినియం పిల్లర్లు పెడతారు. అవి లేకపోతే స్క్రూ బిగించేకొద్దీ కింద మెటీరియల్ నలిగిపోయి మెకానిజం కదులుతుంది. వెదర్‌బీ కంపెనీ తేలికపాటి వేట రైఫిళ్లకు ఇచ్చే పీక్ 44 బ్లాక్‌టూత్ స్టాక్ బరువు 20 ఔన్సుల లోపే, అంటే సుమారు 570 గ్రాములు.

ఇప్పుడు బిల్లు చూద్దాం

న్యూటన్ మూడో సూత్రం గుర్తుందిగా? .308 లాంటి మామూలు వేట తూటా పేలినప్పుడు బుల్లెట్, గ్యాస్ కలిపి ముందుకు తీసుకెళ్లే ద్రవ్యవేగం సుమారు 12 యూనిట్లు (కిలో-మీటర్/సెకను) అనుకుందాం. రైఫిల్ మొత్తం 3.5 కిలోలైతే అది సెకనుకు 3.4 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. శక్తి దాదాపు 20.6 జౌల్స్. అదే రైఫిల్‌ను 3 కిలోలకు దించితే వేగం 4 మీటర్లు, శక్తి 24 జౌల్స్. బరువు 14 శాతం తగ్గింది, తన్ను 17 శాతం పెరిగింది. కొండలెక్కే వేటగాడు రోజంతా మోసేది రైఫిల్ బరువు, తన్ను మాత్రం ఒకటి రెండు సార్లే, కాబట్టి అతనికి లాభమే. రేంజ్‌లో వంద రౌండ్లు కాల్చేవాడికి మాత్రం ఇది చెడ్డ బేరం. అందుకే తేలికపాటి స్టాకులకు వెనక మంచి రీకాయిల్ ప్యాడ్ తప్పనిసరి. ఇప్పుడు తేనెపట్టు గదుల్లాంటి నిర్మాణంతో త్రీడీ ప్రింట్ చేసిన ప్యాడ్లు కూడా వస్తున్నాయి.

బయాథ్లాన్ చెప్పే పాఠం

స్కీయింగ్, షూటింగ్ కలిసిన బయాథ్లాన్ ఆట చూడండి. పురుషుల స్ప్రింట్ రేసు 10 కిలోమీటర్లు, రైఫిల్ వీపు మీదే ఉండాలి. తేలిక అయ్యేకొద్దీ మేలే కదా? కానీ రూల్ ప్రకారం మ్యాగజైన్లు, తూటాలు కాకుండా రైఫిల్ కనీసం 3.5 కిలోలు ఉండాలి. మరి కార్బన్ స్టాక్ వల్ల లాభమేంటి? స్టాక్‌లో మిగిల్చిన గ్రాముల్ని ఆటగాడు తనకు కావలసిన చోట పెట్టుకోవచ్చు. నిలబడి కాల్చేటప్పుడు ముందు భాగం కాస్త బరువుగా ఉంటే ఊగడం తగ్గుతుంది. అంటే మొత్తం బరువు ఎంత అన్నదానికంటే, ఆ బరువు ఎక్కడ ఉందన్నది ముఖ్యం.

కస్టమైజేషన్‌లో ఏమేం మార్చుకోవచ్చు?

1. పొడవు: ట్రిగ్గర్ నుంచి భుజం దాకా ఉండే దూరం. స్పేసర్లు కలిపి, తీసి సర్దుతారు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకు పొడవు స్టాక్ ఇస్తే మెడ చాచాల్సి వస్తుంది.

2. చెంప ఎత్తు: కన్ను స్కోప్ మధ్యకు సరిగ్గా రావాలి. అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది ఇదే అని నా అభిప్రాయం.

3. గ్రిప్ కోణం: మణికట్టు వంగకుండా వేలు ట్రిగ్గర్ మీదకు రావాలి.

4. ముందు భాగం: బైపాడ్, స్లింగ్ తగిలించే పాయింట్లు. బైపాడ్ మీద బరువు వేసినా ముందు భాగం వంగి బ్యారెల్‌ను తాకకూడదు. రెండిటి మధ్య ఒక కాగితం ముక్క అడ్డు లేకుండా జారితే ఆ గ్యాప్ సరిగ్గా ఉన్నట్టే.

రంధ్రాలు వేయడం, అరగదీయడం మాత్రం నిపుణుల పని. డ్రిల్ తప్పితే పొరలు విడిపోతాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. "కార్బన్ ఫినిష్" అన్న మాట చూసి కూడా మోసపోవద్దు. అది ప్లాస్టిక్ మీద అద్దిన డిజైన్ కావచ్చు. ఫోన్ కవర్లలో ఈ ట్రిక్ మనకు కొత్తేం కాదు!

మనకు పనికొచ్చేది ఏంటి?

మన దేశంలో తుపాకీ ఉంచుకోవాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ కావాలి. కాబట్టి ఇది షాపింగ్ గైడ్ కాదు, ఇంజినీరింగ్ పాఠం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో రూల్ దీనికి తలకిందులు: గరిష్ఠ బరువు 5.5 కిలోలు. అక్కడ బరువే స్థిరత్వం. మోసేవాడికి ఒక లెక్క, నిలబడి గురి చూసేవాడికి ఇంకో లెక్క.

ఇకపై ఏ గ్యాడ్జెట్ స్పెక్ షీట్‌లో "అల్ట్రా లైట్" అని కనిపించినా నేను అడిగే ప్రశ్నలు మూడు: ఎక్కడ తగ్గించారు? దానికి బదులు ఏం వదులుకున్నారు? వాడేవాడి ఒంటికి సర్దుకునే వీలు ఉందా? మూడింటికీ జవాబు దొరికాకే గ్రాములు లెక్కపెట్టండి.