సముద్ర గర్భమున జాఱు చరియలు

బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నొండ్రు కొంత కొల్లేటిలో నిలిచిపోవును. మిగిలినది ఉప్పుటేటివెంట బంగాళాఖాతమును జేరును. గోదావరి, కృష్ణలు కడలిలోఁ బోయు మట్టి యింతకంటె నెన్నోరెట్లధికము. ఆ మట్టి యచ్చట శాశ్వతముగా నిలుచునా?

సముద్రపుటడుగు తీరము దాటి కొంతదూరము మెల్లగా దిగి, పిదప వాలుగా లోతునకుఁ బోవును. ఆ వాలుపై మట్టి త్వరత్వరగాఁ బేరుకొనినచో, లోపలి నీరు వెలికిఁ బోలేక పొరల పట్టును సడలించును. అప్పుడు భూమి కంపించెనేని చరియ విఱిగి, బురద యేఱై లోతునకుఁ బరుగెత్తును.

1929 నవంబరు 18వ తేదీన న్యూఫౌండ్లాండునకు దక్షిణమున నిట్లే జరిగెను. సముద్రములోని 12 తంతితీగలు తెగెను; కడపటిది తెగునప్పటికి 13 గంటలు దాటెను. తీగలు తెగిన వేళలనుబట్టి హీజెన్, యీవింగు అను శాస్త్రజ్ఞులు 1952లో బురద వేగమును లెక్కించిరి. నాఁటి సునామీ 28 మందిని బలిగొనెను.

మన కృష్ణా గోదావరి తీరమున కెదురుగాఁ గూడ నట్టి ప్రాచీనపు జాఱుడు గుర్తులు కనఁబడినవి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అను నోడ యచ్చటి యడుగును దొలిచి మట్టికడ్డీలను దీయఁగా, నీటితోఁ గూడి మంచువలె గడ్డకట్టిన మీథేను వానియందుండెను. 2009లో నా లోతు సముద్రమునుండి సహజవాయువు తీయుట ప్రారంభమయ్యెను. బావులు, గొట్టములు ఆ బురదపైననే నిలువవలెను. కనుక నే వాలు గట్టిదో, యేది జాఱునో ముందుగా నెఱుఁగుట మన తీరవాసుల క్షేమమునకు మిక్కిలి యవసరము.