జాడీ కన్నా ముందు ఏరుడు

ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం వచ్చేసరికి మా కోస్తా ఇళ్ళలో గుమ్మడి, కంద, ఉసిరి, చింతకాయ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. వాటిని నిలవ పెట్టాలంటే పిల్లలు ముందుగా ఉప్పెంత, నూనెంత అని అడుగుతారు. కొలతల కన్నా ముందు ఇవి వినండి.

1. ఏరుడుతోనే సగం పని అయిపోతుంది. దెబ్బ తగిలినవీ, పుచ్చు కనబడినవీ ఆ వారమే కూరకి వాడేయాలి. తీపి గుమ్మడికి నాలుగు వేళ్ళంత తొడిమ ఉంచి కోయించండి. తొడిమ ఊడిన చోటే కుళ్ళు మొదలవుతుంది. అందుకే తొడిమ పట్టుకుని కాయ ఎత్తకూడదు.

2. బూడిద గుమ్మడి మీది బూడిద తుడవకండి. అది మైనంలాంటి పూత, కాయలో నీరు ఆరిపోకుండా కాస్తుంది. వేలితో రాస్తే చార పడేంత బూడిద పట్టిందే ముదురు కాయ, వడియాలకి అదే కావాలి. ఉట్టిలోనైనా, అటక మీద గడ్డి పరిచైనా, ఒకదానికొకటి తగలకుండా ఉంచండి.

3. కంద, చేమ కడిగి దాచకూడదు. మట్టితోనే నీడన ఆరబెట్టి, గాలి ఆడేచోట పొడి ఇసుకలో పెట్టండి. ఫ్రిజ్ చలి దుంపకి పడదు. కోసిన కంద మాత్రం రెండు మూడు రోజుల్లో వండేయాలి.

4. చింతకాయ పులుపెక్కాలి, గింజ మాత్రం ముదరకూడదు. కాయలు కడిగి, తుడిచి, ఆరాక కిలోకి పావుకిలో ఉప్పు, కాస్త పసుపు వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీకెత్తండి. మూడో నాటికి ఉప్పుకి ఊరి మెత్తబడుతుంది, గింజలూ ఈనెలూ చేతికి తేలిగ్గా వస్తాయి. అవి ఏరేసి, మళ్ళీ నూరి, సందు లేకుండా జాడీలో అదమండి. పచ్చిమిర్చీ పోపూ ఏ పూటకా పూట, తీసుకున్న ముద్దకే.

5. ఉసిరికి ఇనుము తగలనివ్వకండి. దాని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపుకి చిలుము పుడుతుంది. జాడీ, గాజు సీసా మేలు.

6. బీపీ ఉందని జాడీలో ఉప్పు తగ్గించకండి, కంచంలో పచ్చడి తగ్గించుకోండి. ఉప్పు చాలకపోతే బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని పైపైన తీసేసి తినొద్దు, పారేయండి. తడి గరిటె పెట్టినా అదే గతి.

7. ఒరుగులకి తొందరపడకండి. మన వైపు కార్తీకమంటే అల్పపీడనాల రోజులు కూడా. వానలు తెరిపిచ్చి, ఎండ నిలిచాకే వంకాయలు, గోరుచిక్కుళ్ళు ఎండబెట్టండి. విరిస్తే పుటుక్కుమనాలి. వంగిందంటే ఇంకో ఎండ కావాలి.

8. సీతాఫలాన్ని దాచాలని చూడకండి. గుజ్జు పొయ్యి మీద ఉడికిస్తే చేదెక్కుతుంది, మెత్తబడ్డ పండు రెండు రోజులు ఆగదు. బుట్టెడు పళ్ళు ఒక్కసారే పండితే ఇరుగుపొరుగుకి పంచండి. రేపు వడియాలకి గుమ్మడికాయ తరగాలంటే సాయానికొచ్చేది వాళ్ళే.