కౌసల్యాతనయుని తొలి వేకువ

తిరుమలలో వేకువజామున శ్రీవారిని మేల్కొలుపు సుప్రభాతమునందలి మొదటి శ్లోకము వాల్మీకి రామాయణములోనిది. బాలకాండము 23వ సర్గలో విశ్వామిత్రమహర్షి శ్రీరాముని నిదుర లేపుచు పలికిన పలుకది. ప్రతివాది భయంకరం అణ్ణంగరాచార్యులవారు దానినే ఆదియందు నిలిపి సుప్రభాతమును కూర్చిరి. భక్తులెల్లరకు కంఠస్థమైన శ్లోకమే. అయినను ఆ వేళ రాముడెచ్చట శయనించియుండెనో తలచువారు అరుదు. సరయూతీరమున గడ్డిపాన్పుపై శయనించియుండెను. తలిదండ్రులను విడిచి వచ్చిన పిదప తెల్లవాఱిన తొలి ఉదయమది.

అంతకుముందు దశరథుడు పడిన వేదన తండ్రులందఱు ఎఱుగదగినది. కోరినది ఇత్తునని మాట యిచ్చిన రాజు, యాగరక్షణకై మహర్షి రాముని అడుగగానే మూర్ఛిల్లెను. పదునాఱేండ్లు నిండని బాలుడనెను. అక్షౌహిణీసేనతో తానే వత్తుననెను. ఆ రాక్షసుల వెనుక రావణుడున్నాడని విని తనకును శక్యము గాదనెను. పుత్రప్రేమ దోషము కాదు. కాని ఆ ప్రేమ రానున్న అపాయమునే చూచినది, రానున్న అభ్యుదయమును చూడలేదు. అప్పుడు వసిష్ఠులవారు, "రాక్షసులను స్వయముగ నిగ్రహింపగల మహర్షి నీ కుమారుని మేలు కొఱకే నిన్ను యాచించుచున్నాడు" అను భావముతో రాజునకు హితము బోధించిరి.

విశ్వామిత్రుడు బాలుని ఉన్నపళముగ రాక్షసుల యెదుట నిలుపలేదు. మొదట ఆకలిదప్పులు, అలసట బాధింపకుండుటకై బల, అతిబల అను విద్యల నుపదేశించెను. తరువాత తాటకావధ, పిదప దివ్యాస్త్రములు, అటుపిమ్మట ఆఱు అహోరాత్రములు నిద్రలేక యాగరక్షణ. చెంత గురువు, వెంట తమ్ముడు ఉండనే యుండిరి. బిడ్డను కష్టమునకు వదలివేయుట వేఱు, సిద్ధపఱచుట వేఱు.

ఈ భేదమును నేను ఆలస్యముగ గ్రహించితిని. తొమ్మిదవ యేట మా నాయనగారు నన్ను పాఠశాలలో చేర్చి వెడలిపోయిరి. చన్నీటి స్నానములు, వారములు చేసికొని భుజించుట, ఇవన్నియు ఎఱుగుదును. ఆ కష్టము నా బిడ్డకు వలదని, మా అబ్బాయిని నూతినుండి చేదెడు నీరైనను తోడనీయలేదు. తోటి బాలురతో తగవు వచ్చినను నేనే పోయి తీర్చితిని. అతడు పట్టణమున ఉద్యోగమున చేరిన నెలలోపలనే, పై అధికారి కసరెనని ఇంటికి వచ్చివేసెను. "మీరొకసారి వచ్చి ఆయనతో చెప్పండి నాన్నగారూ" అనెను. ఆ మాట నన్ను శూలమువలె పొడిచినది. తప్పు వానిది గాదు. మఱునాడు బస్సువఱకు వెంట పోయి, అది కదలిన పిదప ఒంటరిగ వెనుదిరిగితిని. దశరథుని దుఃఖము ఆనాడు నాకు తెలిసినది. అబ్బాయి నిలద్రొక్కుకొనెను, అయినను, పదియవ యేట నేర్వవలసినదానిని ఇరువదియవ యేట నేర్చుటకు వాడు పడిన శ్రమ నావలననే కలిగినది.

కావున గృహస్థులకు నా విన్నపము. క్షేత్రమునకు వచ్చునపుడు పిల్లవాని చిన్నమూటను వానినే మోయనిండు. మెట్లదారిలో అలసినచో కూర్చుండనిండు. ప్రక్కనే మీరును కూర్చుండుడు. మరల లేచి వాడే నడచును.

మహర్షి ఆ వేకువ రాముని పిలుచుచు మొదట తల్లి పేరు తలచెను. వెంటనే చేయవలసిన విధిని గుర్తుచేసెను. సుప్రభాతము వినునపుడెల్ల తలిదండ్రులు ఆ రెండింటిని కలిపి స్మరింతురుగాక!