స్ప్రింగు దిద్దిన జవాబు

ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో మా ముగ్గురి మధ్య ఒక ప్రశ్న వచ్చింది. స్ప్రింగుకు వేలాడే ద్రవ్యరాశిని 4 రెట్లు చేస్తే డోలనావర్తన కాలం ఎన్ని రెట్లవుతుంది? 4 రెట్లేనని నమ్మి, కొలవకముందే రికార్డు పుస్తకంలో పెన్సిలుతో రాసేశాం.

మర్నాడు ల్యాబ్‌లో స్టాండుకు స్ప్రింగు తగిలించి 100 గ్రాములు వేలాడదీశాం. అది 5 సెంటీమీటర్లు సాగింది. కొంచెం కిందికి లాగి వదిలాం. 20 డోలనాలకు 9.2 సెకన్లు పట్టింది. ఆ లెక్కన 400 గ్రాములకు 36.8 రావాలి. వచ్చింది 18.1! స్టాప్‌వాచీ తప్పనుకొని మూడుసార్లు చూసినా దాదాపు అంతే.

కారణం ఆలోచించాం. మధ్య స్థానం నుంచి ఒకే దూరంలో ఉన్నప్పుడు వెనక్కి లాగే బలం ఒక్కటే; అది హుక్ నియమం. ద్రవ్యరాశి 4 రెట్లయితే త్వరణం నాలుగో వంతవుతుంది. త్వరణం నాలుగో వంతైతే అదే దూరం పోవడానికి కాలం 2 రెట్లు పడుతుంది, 4 రెట్లు కాదు. అందుకే సూత్రంలో వర్గమూలం ఉంది: ద్రవ్యరాశిని బలస్థిరాంకంతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో గుణించాలి.

మా స్ప్రింగు బలస్థిరాంకం మీటరుకు 19.6 న్యూటన్లు. సూత్రం ప్రకారం 100 గ్రాములకు 20 డోలనాల కాలం 9 సెకన్లే. మిగిలిన 0.2 ఎక్కడిది? స్ప్రింగు కూడా ఊగుతుంది కదా! దాని ద్రవ్యరాశి 15 గ్రాములు. అందులో మూడో వంతు, అంటే 5 గ్రాములు కలిపి లెక్కిస్తే సరిగ్గా 9.2 వచ్చింది.

ఈ సూత్రంలో గురుత్వ త్వరణం లేదని గమనించండి. గురుత్వం మధ్య స్థానాన్ని కిందికి జరుపుతుందే గాని కాలాన్ని మార్చదు. అందుకే భారరహిత స్థితిలో కూడా ఇది పనిచేస్తుంది. 1973లో స్కైలాబ్ వ్యోమగాములు స్ప్రింగు కుర్చీలో కూర్చొని ఊగి, ఆ కాలాన్ని బట్టి తమ ద్రవ్యరాశి తెలుసుకున్నారు. తూకం యంత్రం అక్కడ సున్నా చూపేది.

పెన్సిలు రాత చెరిపేశాం. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే మీరు వర్గమూలం మరువకండి. రికార్డులో మాత్రం కొలిచాకే రాయండి.